మేకపిల్లల వెనక కాళ్లు పడిపోతున్నాయి, బీచ్ ఇసుకలో రేడియేషన్ వల్లేనా? కండరాల మీద కిరణాల ప్రభావం తెలిసినవాళ్లు చెప్పండి

#1 రేవు కుర్రాడు (ఛత్రపురం దగ్గర)

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా, ఛత్రపురం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ మేకలు పెంచుతుంది. ఈసారి ఈనిన పిల్లల్లో కొన్ని నెల దాటేసరికి వెనక కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. నడుము పైకి వంచి నిలబడతాయి, కాసేపటికి కూలబడిపోతాయి. పాలు మాత్రం తాగుతాయి, కళ్లు చురుగ్గానే ఉంటాయి.

మా మంద మొగలి పొదల పక్క నుంచి బీచ్ దాకా మేస్తుంది. మా ఒడ్డున నల్ల ఇసుక ఉంది, అందులో మోనజైట్ ఉందని, దాన్నుంచి రేడియేషన్ వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పుడు అందరూ అదే అంటున్నారు, కిరణాలు తగిలి కండ చచ్చిపోతోందట. బేరగాడు వచ్చి చూసి, ఈ మంద మాంసం ఎవరూ కొనరు అని వెళ్లిపోయాడు. అమ్మకి రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

నేను అడిగేది రెండు విషయాలు. రేడియేషన్ వల్ల జంతువుల కండరాలు నిజంగా ఇలా అవుతాయా? ఆ మాంసం తినొచ్చా?

#2 భంజనగర్ మాస్టారు

బాబూ, నేను కాలేజీలో జువాలజీ చెప్పి రిటైర్ అయ్యాను. అమ్మగారికి ముందు ఒక్క మాట చెప్పు: ఇసుక కిరణాలతో నెల రోజుల మేకపిల్లకి కాళ్లు పడిపోవు. ఎందుకో లెక్కతో చెప్తాను, ఊరివాళ్లకి నువ్వే చూపించొచ్చు.

రేడియేషన్ మోతాదుని గ్రేలలో కొలుస్తారు. ఒక కిలో కండలో ఒక జౌల్ శక్తి దిగితే ఒక గ్రే. వేడిగా చూస్తే ఇది లెక్కలోకే రాదు, కండ ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో నాలుగువేలవ వంతు పెరుగుతుందంతే. అయినా మేకకో గొర్రెకో ఒళ్లంతా ఒకేసారి 2-3 గ్రేలు తగిలితే నెలలోపు సగం చచ్చిపోతాయి. చంపేది ఎముకల్లోని మజ్జ దెబ్బతినడం. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి, ఇన్‌ఫెక్షన్లు, రక్తస్రావాలు వచ్చి పోతాయి. అప్పటికి ఆ జంతువు కండరంలో పోగు తెగి ఉండదు.

ఇక మీ ఇసుక. ప్రపంచంలో నేల నుంచి వచ్చే గామా కిరణాల సగటు గంటకి సుమారు 60 నానోగ్రేలు (గ్రేలో వందకోట్లో వంతు ఒక నానోగ్రే). మోనజైట్ ఇసుక మీద దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. లెక్క కోసం గంటకి 2000 నానోగ్రేలు అనుకుందాం. మేక రాత్రీ పగలూ అదే ఇసుక మీద పడుకుని ఉన్నా ఏడాదికి 17.5 మిల్లీగ్రేలు. రెండు నెలల పిల్లకి 3 మిల్లీగ్రేలు. 2 గ్రేలు చేరాలంటే వందేళ్లు దాటాలి, అది కూడా చుక్క చుక్కగా. ఒళ్లు ఈలోగా ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటూనే ఉంటుంది.

#3 ఇచ్ఛాపురం వాసి

మాస్టారూ, కేరళలో కూడా ఇలాంటి ఇసుకే కదా. అక్కడ జంతువుల్ని ఎవరైనా చూశారా?

#4 భంజనగర్ మాస్టారు

చూశారు. కేరళ తీరంలో మోనజైట్ ఇసుక మీద తరతరాలుగా బతుకుతున్న ఎలుకల్ని హాన్స్ గ్రూనెబెర్గ్ అనే జన్యుశాస్త్రవేత్త బృందం పట్టి పరీక్షించింది, 1966లో రిపోర్టు వచ్చింది. ఇసుక మీది ఎలుకల్నీ, లోపలి ఊళ్ల ఎలుకల్నీ పక్కపక్కన పెట్టి ఎముకలు, పళ్లు కొలిచారు. కిరణాల వల్ల అని చెప్పదగ్గ తేడా కనబడలేదు. వాళ్లు ప్రత్యేకంగా కండరాల కోసం వెతకలేదు, అది కూడా చెప్పాలి. కానీ కాళ్లు పడిపోయే ఎలుకలు ఉండి ఉంటే కళ్ల ముందే కనబడేవి.

#5 లీనాక్ అక్క

నేను రేడియోథెరపీ టెక్నీషియన్‌ని. ఊరు బరంపురం, ఉద్యోగం వేరే చోట. ఇసుక గురించి మాస్టారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ "కండరం గట్టిది, దానికేమీ కాదు" అనే మాట మాత్రం ఇక్కడితో స్థిరపడిపోకూడదు, అందుకే రాస్తున్నాను.

1906లో బెర్గోనియే, ట్రిబాందో అనే ఇద్దరు ఫ్రెంచ్‌వాళ్లు ఒక సూత్రం చెప్పారు. ఎక్కువగా విభజన చెందే కణాలు, ఇంకా ఒక రూపానికి రాని కణాలు కిరణాలకి తొందరగా చస్తాయని. కండర పోగు విభజన చెందదు, ఒక్కో పోగులో వందల కేంద్రకాలు ఉంటాయి, ఒకటి రెండు పోయినా పోగు బతికే ఉంటుంది. అందుకే అన్ని పాఠాల్లోనూ కండరాన్ని తట్టుకునే జాబితాలో వేశారు.

మేం చూసేది వేరే. రోజుకి 2 గ్రేల చొప్పున మొత్తం 50-60 గ్రేలు ఇస్తాం. ఇచ్చిన నెలల్లో కండ బాగానే ఉంటుంది. ఏడాదికో, రెండేళ్లకో ఆ చోట గట్టిపడుతుంది. టీజీఎఫ్-బీటా అనే సంకేతం ఆగకుండా పనిచేసి, పోగుల మధ్య పీచు పదార్థం పేరుకుంటుంది. సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. హాడ్జ్‌కిన్స్ అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి చిన్న వయసులో మెడ, ఛాతీ మీద కిరణాలు తీసుకున్న వాళ్లలో కొందరికి చాలా ఏళ్ల తర్వాత మెడ కండరాలు చిక్కిపోయి తల నిలబెట్టలేని పరిస్థితి వస్తుంది. చిన్నపిల్లలకి ఇస్తే ఆ వైపు కండ ఎదగదు. మా దగ్గర మాట్లాడే మోతాదు మీ ఇసుకకి వేల రెట్లు, సందేహం లేదు. అయినా కండరం తట్టుకుంటుంది అంటే ఎన్నాళ్ల వరకు, దేన్ని తట్టుకుంటుంది అని అడగాలి.

#6 భంజనగర్ మాస్టారు

అక్కడే అసలు విషయం ఉందమ్మా, బాగా పట్టుకున్నావు. నాకు ఈ అంశం మీద ఎన్నాళ్లుగానో మమకారం, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

కండర పోగు అంచున, పైపొర కింద నక్కి చిన్న కణాలు ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి వాటికి శాటిలైట్ కణాలు అని పేరు పెట్టాడు. కండ చిరిగితే లేచి, విభజన చెంది, కొత్త పోగులు కట్టేవి అవే. పిల్లలో కండ పెరగడానికి కొత్త కేంద్రకాలు అందించేవీ అవే. ఇవి విభజన చెందే జాతి కాబట్టి కిరణాలకి దొరికిపోతాయి. ఎలుక కాలికి 16-18 గ్రేలు ఒకేసారి ఇస్తే పోగులు బతికే ఉంటాయి, కాలు మామూలుగానే ఆడిస్తుంది, కానీ ఆ కండని గాయపరిస్తే తిరిగి కట్టుకోలేదు. గాదెలో తిండిగింజలు నిండుగా ఉండి విత్తనపు గింజలు మాత్రం మాడిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో అలా అవుతుంది ఆ కాలు. కండరాల క్షీణత జబ్బు ఉన్న ఎలుకల్లో శాస్త్రవేత్తలు ఇదే పద్ధతిని పనిముట్టుగా వాడతారు. కాలికి కిరణాలు ఇచ్చి సొంత మరమ్మతు ఆపేసి, బయట నుంచి పెట్టిన కణాలు కండ కడతాయా అని చూస్తారు.

పోగు ఎంత తట్టుకుంటుందో చూపించడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది, అది మేకల కథే. కరీబియన్ సముద్రంలో కురసావ్ దీవిలో స్క్రూవర్మ్ అనే ఈగ మేకల పుండ్లలో గుడ్లు పెట్టి, పురుగులు బతికున్న కండని తినేసేవి. 1954లో ఎడ్వర్డ్ నిప్లింగ్ ఆలోచన ప్రకారం, పురుగు ఈగగా మారే ప్యూపా దశలో వాటికి పదుల గ్రేల కిరణాలు ఇచ్చి లక్షల్లో వదిలారు. వాటి బీజకణాలు పాడైపోయాయి, రెక్కల కండరాలు మాత్రం పనిచేశాయి. ఎగిరాయి, ఆడ ఈగల్ని వెతికి కలిశాయి, ఆ గుడ్లు పొదగలేదు. దీవిలో ఈగ జాతి అంతరించింది. మనిషిని చంపే మోతాదుకి పది రెట్లు పైగా తగిలిన ఈగ, ఎగరగలిగింది. ఎగరడం కన్నా కష్టమైన పని కండరానికి ఏముంటుంది?

#7 రేవు కుర్రాడు

చాలా థాంక్స్ మాస్టారూ, అక్కా. అమ్మకి చదివి వినిపించాను. కానీ మా ఊళ్లో ఒకాయన వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. కిరణాలు ఇస్తే మయోసిన్ అనే కండర ప్రొటీన్ ముక్కలవుతుంది, అతుక్కుపోతుంది, పని తగ్గిపోతుంది అని ఉంది. అది అబద్ధమా?

#8 నాందేడ్ ఫుడ్‌టెక్

అబద్ధం కాదు. ఆ స్క్రీన్‌షాట్‌లో మోతాదు దగ్గర యూనిట్ చూడమని చెప్పండి, గ్రే అని ఉందా కిలోగ్రే అని ఉందా. మేం మాంసం, చేపల మీద చేసే ప్రయోగాలన్నీ కిలోగ్రేలలో. నేను ధర్మాబాద్ వైపు అమ్మాయిని, నాందేడ్ జిల్లా. ఫుడ్ టెక్నాలజీ చదివాను, మాంసం మీద రేడియేషన్ నా ప్రాజెక్టు.

కండలో ముప్పావు వంతు నీళ్లే. కిరణం ఆ నీటిని చీలుస్తుంది, హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది పుట్టిన చోటనే ఎవరు దొరికితే వాళ్లని కరుస్తుంది. ప్రొటీన్ అమైనో ఆమ్లాల గొలుసు, అందులో సల్ఫర్ ఉన్న సిస్టీన్, మెథియోనిన్ ముందు దొరుకుతాయి. మయోసిన్‌లో సిస్టీన్లు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని అది కండకి శక్తినిచ్చే ఏటీపీ అణువుని విరిచే చోటికి దగ్గరగా ఉంటాయి. అవి పాడైతే మయోసిన్ పని మందగిస్తుంది. టైరోసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం రెండు ఒకదానికొకటి అతుక్కుంటే ప్రొటీన్లు గడ్డలు కడతాయి. కాల్షియంని వెనక్కి లాగే పంపులో కూడా సిస్టీన్లు ఉన్నాయి, అది మందగిస్తే కండ వదులు కావడం ఆలస్యమవుతుంది. మయోగ్లోబిన్ మారితే మాంసం రంగు మారుతుంది. కొవ్వు ఆక్సీకరణ చెంది ఒక రకమైన వాసన వస్తుంది. అందుకే మాంసాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసి కిరణాలు ఇస్తారు. గడ్డకట్టిన నీళ్లలో రాడికల్స్ కదల్లేవు.

ఇప్పుడు అంకెలు. ఒక గ్రేకి లీటరు నీళ్లలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ సుమారు 0.28 మైక్రోమోల్. బతికున్న కణంలో రాడికల్స్‌ని ఆర్పే గ్లూటాథయోన్ అనే అణువు ఒక్కటే అంతకి వేల రెట్లు ఉంటుంది, వచ్చిన వాటిలో చాలావాటిని అదే అడ్డుకుంటుంది. 5 గ్రేలు తగిలినా ప్రొటీన్ రాశిలో కరిచేది లెక్కలోకి రానంత. మాంసానికి మేం ఇచ్చేది 2.5 నుంచి 4 కిలోగ్రేలు, అంటే వేల గ్రేలు. అది క్రిముల్ని చంపడానికి. చచ్చిన కండ కాబట్టి రిపేరు చేసేవాడు ఉండడు, ఏటీపీ ఉండదు, కొత్త ప్రొటీన్ పుట్టదు. బతికున్న మేకలో మయోసిన్ ఎప్పటికప్పుడు పాతది పోయి కొత్తది వస్తూనే ఉంటుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం మీ మేకలకి అన్యాయం.

#9 గోపాల్‌పూర్ ఎండుచేప

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మాది ఎండుచేపల వ్యాపారం. కిరణాలు పెట్టిన చేప తింటే మనకీ రేడియేషన్ అంటుకుంటుందా? వానాకాలంలో పురుగు పట్టి సగం సరుకు పోతోంది, ఎవరో ఈ పద్ధతి గురించి చెప్పారు.

#10 నాందేడ్ ఫుడ్‌టెక్

అంటుకోదు అన్నా. కోబాల్ట్-60 కిరణం శక్తి 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. చేపలో ఉండే పరమాణువుల కేంద్రకాలని కదిలించి రేడియోధార్మికంగా మార్చడానికి అది చాలదు. ఎండుచేపకి పురుగు చావడానికి 1 కిలోగ్రే లోపే చాలు, మన దేశపు నిబంధనల్లో ఆ అనుమతి ఉంది. 1980లోనే అంతర్జాతీయ నిపుణుల కమిటీ 10 కిలోగ్రేల సగటు మోతాదు వరకు ఆహారానికి విషదోషం లేదని తేల్చింది. అంతరిక్షానికి వెళ్లేవాళ్లు తినే కొన్ని మాంసాలకి 44 కిలోగ్రేలు ఇస్తారు. మా మహారాష్ట్రలో లాసల్‌గావ్‌లో ఉల్లిపాయలు మొలకెత్తకుండా ఇదే చేస్తారు. ఒక్క జాగ్రత్త, కిరణం చేసిన మేలు ప్యాకెట్ విప్పేదాకానే. గోనెసంచిలో పోస్తే మళ్లీ పురుగు పడుతుంది.

#11 గుణుపురం గళం

అందరూ పెద్ద పెద్ద మాటలు చెప్తున్నారు గానీ, మేక ఇసుక మీద నిలబడటమే కాదు, ఆ దుమ్ము పీలుస్తుంది, గడ్డితో పాటు ఇసుక మింగుతుంది. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత గొర్రెల మాంసంలోనే కదా రేడియేషన్ దొరికింది? పేదోళ్ల ఊళ్లలో ఏదైనా జరిగితే ముందు "ఏం లేదు, ఏం లేదు" అనేవాళ్లే ఎక్కువ. నాకు కోపం వస్తుంది.

#12 భంజనగర్ మాస్టారు

మీ కోపం న్యాయమైనది, ప్రశ్న ఇంకా న్యాయమైనది. బయట నుంచి తగిలేది ఒకటి, లోపలికి చేరేది ఇంకొకటి.

1986లో చెర్నోబిల్ నుంచి ఎగిరిపడ్డది సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం. సీజియం రసాయన గుణంలో పొటాషియంకి దగ్గరి చుట్టం. ఒంట్లో పొటాషియం ఎక్కువగా ఉండేది కండలో, అందుకే సీజియం కూడా తిన్నగా కండకే పోతుంది. నార్వే, స్వీడన్‌లో రెయిన్‌డీర్లు, బ్రిటన్‌లో కొండ గొర్రెలు గడ్డితో దాన్ని తిన్నాయి. బ్రిటన్‌లో గొర్రెల మీద ఆంక్షలు 2012 దాకా నడిచాయి. ఇన్నేళ్లు ఎందుకంటే సీజియం-137 సగం తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది, కొండల పీటు నేల దాన్ని గడ్డికి వదులుతూనే ఉంటుంది. గొర్రెని శుభ్రమైన మేతకి తోలితే మాత్రం ఒంట్లోది కొన్ని వారాల్లోనే సగం పోతుంది. నార్వేలో ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పొడి కలిపిన ఉప్పు గడ్డలు నాకించారు, అది పేగుల్లోనే సీజియంని పట్టుకుని పేడలో పంపేస్తుంది.

ఇక్కడ గమనించండి. ఆ గొర్రెలు నడిచాయి, కొండలెక్కాయి, పిల్లల్ని పెట్టాయి. కిలో మాంసంలో సెకనుకి వెయ్యి పరమాణువులు ఏడాది పొడుగునా విచ్ఛిన్నమవుతున్నా ఆ కండకి చేరేది రెండు మూడు మిల్లీగ్రేలే. ఆంక్షలు పెట్టింది తినే మనిషి కోసం.

మీ ఇసుకలో ఉన్నది థోరియం అనే రేడియోధార్మిక లోహం, అది విచ్ఛిన్నమైతే పుట్టే దాని సంతానం. థోరియం మోనజైట్ గింజలో గట్టిగా బిగిసి ఉంటుంది, కడుపులోకి వెళ్లినా చాలావరకు పేడలోనే పోతుంది. రక్తంలోకి చేరిన కొంచెం ఎముకల పైపొరలకి, కాలేయానికి పోతుంది, కండకి కాదు. పూర్వం థోరోట్రాస్ట్ అనే ఎక్స్‌రే మందు ఎక్కించిన మనుషులకి ఏళ్ల తర్వాత కాలేయంలో క్యాన్సర్లు వచ్చాయి, కాళ్లు పడిపోలేదు.

ఇసుక గురించి భయపడాల్సిన చోటు వేరే ఉంది, అది నిజంగా చెప్పాలి. థోరియం నుంచి థోరాన్ అనే వాయువు వస్తుంది. ఆ నల్ల ఇసుకని ఇంటి గచ్చుకి, గోడల పూతకి వాడకండి. గాలాడని గదిలో రోజూ పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఈ మాట ఊళ్లో అందరికీ చెప్పాలి.

#13 గుణుపురం గళం

ఇలా విడమరిచి చెప్తే ఎవరైనా వింటారు మాస్టారూ. గచ్చు సంగతి మా బంధువులకి ఈరోజే ఫోన్ చేసి చెప్తాను, గోపాల్‌పూర్ దగ్గర ఇల్లు కడుతున్నారు.

#14 జైపూర్ విద్యార్థిని

నాదొక సందేహం. ఒక ప్రొటీన్‌కి కిరణం నేరుగా తగిలితే? రాడికల్ సంగతి కాదు.

#15 భంజనగర్ మాస్టారు

మంచి ప్రశ్న తల్లీ. నేరుగా తగిలితే ఆ అణువు పని ఆగిపోతుంది, కానీ తగలడమే అరుదు. దీనికి టార్గెట్ సిద్ధాంతం అని ఉంది, డగ్లస్ లీ 1940లలో దాన్ని బాగా పెంచాడు. గడ్డకట్టించిన ఎంజైమ్‌కి కిరణాలు ఇచ్చి, పని 37 శాతానికి పడిపోయే మోతాదు చూస్తారు. అణువు ఎంత పెద్దదైతే అంత తక్కువ మోతాదుకే తగులుతుంది. కండరంలో కాల్షియం పంపు పరిమాణాన్ని కూడా ఇలా కొలిచారు. అదే సూత్రంతో మయోసిన్‌కి, అంటే సుమారు 5 లక్షల డాల్టన్లకి (డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే యూనిట్), లెక్క కడితే 12 కిలోగ్రేలు వస్తుంది. ఒంట్లో అన్నిటికన్నా పెద్ద ప్రొటీన్ టైటిన్ కండలోనే ఉంది, 30 లక్షల డాల్టన్లు పైమాటే. దానికి 2 కిలోగ్రేలు.

5 గ్రేలు తగిలిన జంతువులో మయోసిన్లు రెండువేల పైచిలుకులో ఒకటి, టైటిన్లు నాలుగు వందల్లో ఒకటి దెబ్బతింటాయన్నమాట. మిగతావి పనిచేస్తూనే ఉంటాయి, పోయినదాని చోటికి కొత్తది వస్తుంది. అదే 5 గ్రేలకి ఒక్కో కణం డీఎన్‌ఏలో రెండు పోగులూ ఒకేచోట తెగడం నూట యాభై సార్లు పైగా జరుగుతుంది. డీఎన్‌ఏకి ఉన్నవి రెండు ప్రతులే. కాబట్టి కిరణాలు తగిలిన జంతువు నీరసపడితే ప్రొటీన్లు విరిగాయి అనుకోకుండా మజ్జ, పేగులు, మంట, తిండి తగ్గడం, కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా తర్వాత రోజుల్లో కూడా రాడికల్స్ ఎక్కువగా వదలడం, ఇవన్నీ చూడాలి.

#16 జైపూర్ విద్యార్థిని

అర్థమైంది సర్. 1966లో రష్యావాళ్లు వెతెరోక్, ఉగొల్యోక్ అనే కుక్కల్ని 22 రోజులు అంతరిక్షంలో ఉంచితే కండ తగ్గి, నిలబడలేక దిగాయని చదివాను. అక్కడ రేడియేషన్ కూడా ఎక్కువే కదా, దాని వల్ల అనుకున్నాను. బరువు లేకపోవడమే పెద్ద కారణం అయ్యుండాలి.

#17 పర్లాకిమిడి పశువైద్యుడు

ఆలస్యంగా చూశాను, క్యాంపులో ఉన్నాను. రేవు తమ్ముడూ, ఇంతమంది కిరణాల గురించి చెప్పారు, నేను నీ మేకపిల్లల గురించి చెప్తాను.

నెల దాటిన పిల్ల, వెనక కాళ్లు బిగుసుకోవడం, నడుము వంచడం, తెలివి బాగుండటం, పాలు తాగడం. ఇది చదవగానే నా మనసులోకి మొదట వచ్చేది వైట్ మజిల్ డిసీజ్. సెలీనియం, విటమిన్ ఈ చాలకపోతే వస్తుంది. రెండోది రాగి లోపం. చూడి మేకకి రాగి చాలకపోతే పిల్లకి వెన్నుపాము సరిగా తయారవ్వదు, వెనక భాగం ఊగిపోతుంది. ఇసుక నేలల్లో ఈ ఖనిజాలు తక్కువగా ఉండటం మామూలే. మూడోది బొడ్డు ద్వారా క్రిములు చేరి కీళ్లు వాయడం, అలాగైతే కీలు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, పిల్ల అరుస్తుంది. ఈ మూడింటికీ మందులు వేరు.

ఇక్కడ మాట్లాడుతున్న విషయానికి, ఈ జబ్బుకి దగ్గరి సంబంధం ఉంది, అందుకే ఊరివాళ్ల అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది అని నేను అనను. కండ పనిచేస్తేనే రాడికల్స్ పుడతాయి, కిరణాలు అక్కర్లేదు. వాటిని ఆర్పే ఎంజైమ్ గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్, దాని గుండెకాయలాంటి చోట సెలీనియం ఉంటుంది. పొరల్లోని కొవ్వుని కాపాడేది విటమిన్ ఈ. రెండూ లేకపోతే పిల్ల గంతులేసినప్పుడు పుట్టిన రాడికల్సే పోగు పొరని కాల్చేస్తాయి, కాల్షియం లోపలికి వరదలా వస్తుంది, పోగు చచ్చి సున్నం పడుతుంది. ఫుడ్‌టెక్ అమ్మాయి వేల గ్రేలతో చచ్చిన మాంసంలో చూసిన ఆక్సీకరణ, ఇక్కడ కిరణాలు లేకుండా బతికున్న తొడలో జరుగుతుంది. ఎక్కువ పనిచేసే కండలే ముందు పోతాయి, అంటే తొడలు, వీపు. కొన్నిసార్లు గుండె. గుండె పట్టిందంటే పిల్ల ఉన్నట్టుండి చచ్చిపోతుంది.

తేల్చుకోవడం సులువు. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ చూడాలి, ల్యాబుల్లో సీపీకే అంటారు. పోగులు చిరిగితే అది విపరీతంగా పెరుగుతుంది. రాగి లోపమైతే దెబ్బ నరానికి కాబట్టి అది పెద్దగా పెరగదు.

#18 రేవు కుర్రాడు

డాక్టర్ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. కీళ్లు వేడిగా లేవు, వాపు లేదు, ఇప్పుడే అమ్మ చేత చూపించాను. ఊళ్లో ఒకాయన ఏదో బలం ఇంజెక్షన్ తెచ్చిస్తాను అంటున్నాడు, చేయించమంటారా? ఒక పిల్ల మరీ నీరసంగా ఉంది. మాంసం గురించి కూడా చెప్పండి.

#19 లీనాక్ అక్క

తమ్ముడూ, తెలియని ఇంజెక్షన్ వద్దు. డాక్టర్ గారు చెప్పేదాకా ఆగు. రక్తం తీసిన రోజు బరంపురంలో ల్యాబ్‌కి చేర్చడానికి మా అన్నయ్య బండి ఉంది, మెసేజ్ పెట్టు.

#20 పర్లాకిమిడి పశువైద్యుడు

చేయించకు. కండకి సూది గుచ్చితే ఆ గాయానికే సీపీకే పెరుగుతుంది, రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. ముందు రక్తం, తర్వాతే సూది. సెలీనియం కొంచెం ఎక్కువైతే విషం, పిల్ల బరువు తూచి మోతాదు కట్టాలి. పక్క బ్లాకులో మీ పశువుల డాక్టర్ ఉంటారు, ఆయన చేతనే చేయించు, ఈ చర్చ ఆయనకి చూపించు.

రక్తం ఎర్రమూత గొట్టంలో మెడ నరం నుంచి తీయాలి. ఊపకూడదు, కణాలు పగిలితే అంకెలు చెడతాయి. గడ్డకట్టాక పైన తేలిన సీరం వేరుచేసి ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు పంపాలి. ఆకుపచ్చ మూత గొట్టంలో ఇంకొంచెం తీయిస్తే సెలీనియం ఎంజైమ్ చూడటానికి పనికొస్తుంది. కొత్తగా పడిపోయిన పిల్ల నుంచే తీయించు, పాత కేసుల్లో సీపీకే కొన్ని రోజుల్లో దిగిపోతుంది. బాగున్న పిల్ల ఒకదాని నుంచి కూడా తీయించు, పోల్చడానికి ఉంటుంది. నీరసంగా ఉన్న పిల్లని పరిగెత్తనివ్వకు, తల్లి దగ్గర దడిలోనే కట్టేసి పాలు పట్టించు.

ఏదైనా పిల్ల చనిపోతే పూడ్చే ముందు డాక్టర్‌ని పిలువు. రెండు తొడలూ కోసి చూస్తారు. రెండు వైపులా ఒకేచోట తెల్లటి చారలుంటే జబ్బు అదే.

మాంసం సంగతి. ఇసుక మీద మేసినందువల్ల మాంసం పాడవ్వదు, పెద్ద మేకల్ని ధైర్యంగా అమ్ముకోమను. జబ్బు పిల్లల్ని మాత్రం ఇప్పుడు కోయొద్దు, ఇంజెక్షన్ వేశాక డాక్టర్ చెప్పిన గడువు దాటాలి. చూడి మేకలకి ఖనిజ లవణాల ముక్క కట్టమని అమ్మతో చెప్పు, మేకలకి అమ్మేదే తీసుకోవాలి, ఎందుకంటే రాగి మోతాదు పశువు పశువుకీ మారుతుంది, గొర్రెలకైతే ఎక్కువ రాగి ప్రాణాంతకం. మీ మందలో గొర్రెలు కూడా ఉన్నాయా?

#21 రేవు కుర్రాడు

ఉన్నాయండి, నాలుగు. ఈ రాత్రే వాటిని వేరే దడిలోకి మారుస్తాం. రేపు పొద్దున్న డాక్టర్ గారు వస్తామన్నారు. అక్కా, మీ అన్నయ్య నంబర్ మెసేజ్‌లో పంపండి.